చేదు ముందు, వాసన వెనుక

ఈ మాసము మేము వ్రాయబోవునది ఇంట కాచెడి బీరును గూర్చియని మొదటనే చెప్పివేయుట న్యాయము. సోదరీమణులలో కొందఱు ఇంతటితో పుట త్రిప్పివేయుదురేమో! వారిని మేము తప్పుపట్టజాలము. రెండేండ్ల క్రిందట మా చేతికెవరైన ఇట్టి వ్యాసమిచ్చియుండిన మేమును అట్లే చేసియుందుము.

మా పుట్టింట మద్యము పేరెత్తుట లేదు. మా పెద్దన్నగారు సారాయి మరిగి, నాలుగెకరముల మాగాణిని, మా వదినగారి మెడలోని నానుతాడును దానికే ధారవోసి, నలువదిరెండవ యేట కన్నుమూసిరి. ఆ దినమున మా అమ్మ పెరటిలోని పంపరపనస చెట్టు క్రింద కూరుచుండి, ఏడ్వక, రాలిన పూవులను ఒక్కొక్కటిగా ఏరి ఒడిలో వేసికొనుచుండెను. అప్పటికి మాకు పదునాఱేండ్లు.

ఇట్టి యింట పుట్టిన మేము, అమెరికాలోని వాషింగ్టను రాష్ట్రమున, సియాటిలు నగరము చెంత కాపురమున్న మా అమ్మాయి యింటికి ఆరు మాసములుండుటకై వెళ్లితిమి. వారి గ్యారేజిలో పెద్ద స్టీలు గుండిగ, మూతిబిగువు గల గాజుబుడ్డి, రబ్బరు గొట్టములు, కడిగి బోర్లించిన సీసాలు కానవచ్చినవి. మా అమ్మాయి ఊరగాయలు పెట్టుట నేర్చినదని సంతసించితిమి. అడుగగా, "పేల్ ఏలు కాస్తున్నానమ్మా, ఒక రకం బీరు" అనెను. అల్లుడు కాదు, అమ్మాయియే! మూడు దినములు మేమామెతో అవసరమునకు మించి పలుకలేదు. అల్లుడు పాపము మధ్యవర్తియై, ఆ దేశమున ఇది నేరము కాదనియు, 1978వ సంవత్సరమున కార్టరు అధ్యక్షుడు సంతకము చేసిన చట్టము ప్రకారము ఇద్దరు పెద్దవారున్న యింట ఏడాదికి 200 గాలనుల వఱకు, అమ్మకుండిన యెడల, పన్ను లేక కాచుకొనవచ్చుననియు బోధించెను. మన తెలుగు రాష్ట్రములలో ప్రభుత్వపు అనుమతి లేక చేసిన జైలు గదా యని మేమంటిమి. "అది అక్కడ అత్తయ్యగారూ" అని యతడు వంటయింటిలోనికి తప్పుకొనెను.

నాలుగవనాడు అమ్మాయి ఒక గాజుగ్లాసుతో మా గదికి వచ్చెను. "అమ్మా, తాగమనటం లేదు. వాసన మాత్రం చూడు. ఎక్కడ తప్పిందో నాకు అంతుపట్టటం లేదు" అనెను. నైవేద్యమునకు వండునపుడు రుచి చూడరాదు గనుక, ఉడుకుచున్న గిన్నెపై ముక్కు వంచి, ఉప్పు చాలినదో లేదో చెప్పుట మా అత్తగారు మాకు నేర్పిన విద్య. ఆ విద్య మా అమ్మాయికి రాలేదు. అందుకై మాయొద్దకు వచ్చినది. కోపమున్నను, బిడ్డ విద్య అడిగినపుడు కాదనుట యెట్లు?

వాసన చూచితిమి. తడిసిన బార్లీ వాసన తప్ప మరేమియు లేదు. ఒక గ్రుక్క త్రాగిన అమ్మాయి మొగము చూడగా చేదు మాత్రము వేపకషాయమువలె నున్నదని తెలిసినది. ఎట్లు చేసితివని యడిగితిమి. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీట నానబెట్టి తీసిన తీపి కషాయము 5 గాలనులు, అనగా 19 లీటర్లు, పొయ్యిపై నెక్కించి, మరుగు రాగానే కాస్కేడు అను జాతి హాప్సు మూడు ఔన్సులును ఒక్కసారిగా వేసి గంటసేపు మరిగించితిననెను.

"చారులో ఇంగువా కొత్తిమీరా మొదటే వేసి గంట మరిగిస్తావా?" అంటిమి.

అమ్మాయి గ్లాసు బల్లపై పెట్టి, మా మంచము మీద కూరుచుండెను. మూడు దినముల మౌనము అచ్చటితో ముగిసినది.

హాప్సు అనునవి ఒక తీగ పూవులు. ఆ తీగలలో ఆడు, మగ వేఱువేఱు. బీరునకు పనికివచ్చునవి ఆడుతీగల పూవులే. చిన్న దేవదారుకాయను బోలిన లేతాకుపచ్చని పూవును విప్పి చూచిన, రేకుల మొదళ్లలో పసుపు వన్నె గల జిగురుపొడి యుండును. సారమంతయు ఆ పొడియందే. అందు రెండు పదార్థములు కాపురముండును గాని, వాని స్వభావములు తూర్పు పడమరలు. చేదునిచ్చు ఆల్ఫా ఆమ్లములు నీట సులభముగా కరగవు. చాలసేపు మరిగి రూపు మారిన గాని చేదు దిగదు. సుగంధతైలములన్ననో, వేడి తగిలినంతనే ఆవిరితో కూడి ఎగిరిపోవును. గంటసేపు మరిగిన హాప్సు ఈయగల చేదులో, 15 నిమిషములు మరిగినవి సుమారు సగమును, 5 నిమిషములు మరిగినవి అయిదవ వంతును మాత్రమే ఇచ్చును. గంట దాటి మరిగించిన వంటచెఱకు ఖర్చే గాని క్రొత్త చేదు అంతగా రాదు.

కావున మా అమ్మాయి చేసిన పని యేమనగా, పరిమళము కొఱకు కొనిన హాప్సునంతయు చేదునకు ధారవోయుట. మన యింటి పని యెఱిగిన వారికి ఇందు వింత లేదు. మిరియాల కషాయమును ఎంతసేపైన మరిగింతుము. పాయసమును దింపిన పిమ్మట గదా యేలకులపొడి చల్లుదుము! ఆ తైలములలో లినలూల్ అనునదొకటి మన ధనియాలలోను గలదట. ధనియాల వాసనలో అధికభాగము దానిదేయని అమ్మాయి చదివి చెప్పినపుడు మాకు కొంత గర్వము కలిగినమాట నిజము.

ఇక ఏ హాప్సు ఏ పనికని యెంచుట. ఆదివారమున అమ్మాయి మమ్ము అంగడికి తీసికొనిపోయెను. అచ్చట హాప్సును నలగగొట్టి, చిన్న గుళికలుగా నొత్తి, గాలి చొరని సంచులలో చలిపెట్టెలో నుంచి అమ్ముదురు. సంచిపై ఆల్ఫా ఆమ్లము నూటికెంతయో వ్రాసియుండును. కాస్కేడున అది 5 మొదలు 7 వఱకు. 1985లో వెలువడిన చినూకున 12, 13. చేదు కొఱకైన చినూకు అర ఔన్సు చాలును. అదే చేదునకు కాస్కేడు ఔన్సునకు పైగా కావలెను. అన్నము కొఱకు బాసుమతిని, దోసెపిండికి చవుక బియ్యమును కొనుట ఎఱిగిన యిల్లాలికి ఈ లెక్క చెప్పనక్కఱలేదు.

అమ్మాయి యింట నున్న పాత సంచినొకదానిని విప్పి చూచితిమి. చెమటపట్టిన మేజోళ్ల కంపు! నెలల తరబడి వెలుపల నుంచిన హాప్సు అట్లే చెడునట. దానిని పాఱవేయించితిమి. మంచి గుళికను అరచేతుల నడుమ నలిపి, వేడెక్కిన పిదప ముక్కు దగ్గఱ పట్టవలెను. చినూకున దేవదారు బంక, గుగ్గిలము. 1990లో వచ్చిన సెంటెన్నియలున నిమ్మతొక్క, పూవులు. కాస్కేడు నలిపి వాసన చూచి మేమేమియు ననలేదు. "ఏం అమ్మా, బాగాలేదా?" అని యమ్మాయి యడిగినది. "బాగుంది, అదే వేయి" అంటిమి. అది పంపరపనస వాసన.

ఈ కాస్కేడు చరిత్రయు ఇచట చెప్పదగినది. ఆరెగాను రాష్ట్రమున ప్రభుత్వ వ్యవసాయశాఖవారును విశ్వవిద్యాలయమువారును కలసి పెంచి, 1972లో విడుదల చేసిరి. యూరపు హాప్సునకు అలవాటుపడిన నోళ్లకు ఈ పుల్లనిపండ్ల వాసన మొదట విచిత్రమయ్యెనట. 1980లో కాలిఫోర్నియాలోని చీకో అను ఊర సియెర్రా నెవాడావారు దీనితో పేల్ ఏలు చేయ మొదలిడిన పిమ్మట, అమెరికను పేల్ ఏలనిన ఈ వాసనయే గుర్తుగా నిలిచినది.

ఆగస్టు చివర యాకిమా లోయకు పోయితిమి. అమెరికాలో పండు హాప్సులో అధికభాగము వాషింగ్టను రాష్ట్రముదే. దానికి ఈ లోయయే పుట్టినిల్లు. పదునెనిమిది అడుగుల యెత్తున తీగెలు కట్టి, వానినుండి వ్రేలాడు త్రాళ్లపై హాపుతీగలు ప్రాకి, పచ్చని తెరలవలె వరుసలుగా నిలిచియుండెను. గుంటూరు మండలమున మా చిన్ననాట చూచిన తమలపాకు తోటలు కనులకు కట్టినవి. తీగను మొదలంట కోసి, యంత్రముతో పూవులు దూసి, వేడిగాలిలో ఎండబెట్టుచుండిరి. ఊరంతయు అదే వాసన.

దారిలో అమ్మాయి చెప్పినది మరొకటి గలదు. పూర్వమింగ్లండులో ఏలు కాచుట ఇల్లాండ్ర పనియేనట. జర్మనీలో 12వ శతాబ్దమున హిల్డెగార్డు అను సన్న్యాసిని, హాప్సు చేదు పానీయములను చెడకుండ కాపాడునని గ్రంథమున వ్రాసియుంచినదట. "చూశావా, ఇది మగవాళ్ల విద్య కాదు" అని యమ్మాయి మమ్ము నెగ్గితిననుకొనెను. మా బాధ అది కాదని యామెకు తెలియును, తెలిసియు అన్నది.

రెండవ కాపునకు మేమే ప్రక్కన నిలిచితిమి. మరుగు రాగానే చినూకు అర ఔన్సు వేయించితిమి. వేయగానే నురుగు పాలపొంగువలె లేచెను; సెగ తగ్గింపక అమ్మాయి గడియారము వంక చూచుచుండగా, మేము గరిటెతో కలిపి అణచితిమి. పది నిమిషములు మిగిలియుండగా కాస్కేడు ఔన్సు. పొయ్యి ఆర్పి, 80 డిగ్రీలకు చల్లారనిచ్చి మరొక ఔన్సు వేసి, ఇరువది నిమిషములు ఊరనిచ్చితిమి. ఆ వేడిలో చేదు అంతగా దిగదు, తైలము అంతగా పోదు. చారు దించి మూత పెట్టుట వంటిదే. తరువాత పూర్తిగా చల్లార్చి ఈస్టు కలిపితిమి. వడకట్టిన పిప్పిని పెరటిలో పోయబోగా మేమాపితిమని చెప్పుకొన వీలులేదు, ఆపినవాడు అల్లుడు. హాప్సు కుక్కలకు విషము. పొరుగింటి కుక్క నిత్యము ఆ పెరటికి వచ్చునది.

పులియుట తగ్గిన పిమ్మట రెండు ఔన్సుల కాస్కేడు పచ్చిగానే బుడ్డిలో వేయవలెను. ఇచట వేడి లేదు గనుక చేదు చేరదు, పరిమళమే చేరును. మూడు నాలుగు దినములు చాలును. వేసిన మరునాడే మేమందఱము ఊరికి పోయి, మూడు వారములకు తిరిగి వచ్చితిమి. మూత తీయగా కోసిన పచ్చగడ్డి వాసన! ఎక్కువసేపు ఊరిన ఆకుల పసరు దిగినది. అమ్మాయి కంట నీరు తిరిగినది. మాకు మాత్రము, ఇంత చదువు చదివిన పిల్ల పాడైన వంటకు ఏడ్చుట చూచి, మా యింటి పిల్లయే యనిపించినది.

మూడవ కాపు కుదిరెను. నాలుగవనాడే హాప్సు తీసివేసితిమి. నడుమ మూత తీసి చూడనీయలేదు, గాలి తగిలిన ఊరగాయ చెడినట్లే ఇదియు చెడును. వెలుతురు తగిలిన హాప్సు చేదు దుర్గంధముగా మాఱును గనుక గోధుమవన్నె సీసాలలో నింపితిమి. మొత్తము 48 సీసాలు.

ఇచట మా సిగ్గుమాలిన పని యొకటి చెప్పవలెను. ప్రతిరాత్రియు అందఱు నిదురించిన పిదప మేము గ్యారేజిలోనికి పోయి సీసాలు లెక్కించెడివారము. మా వదినగారును ఒకప్పుడట్లే లెక్కించెడివారు. ఎనిమిదవ రాత్రి పోయిచూడగా అలమారపై కాగితమొకటి అంటించియుండెను. "మొత్తం 48. స్నేహితులకు 20. శనివారం నేను 1, ఆయన 1. మిగిలినవి 26." క్రింద తేదీ. ఆ నాటినుండి ఆ కాగితమున లెక్క మాఱుచునేయుండెను. పగలు దానిని గూర్చి మేమిద్దరమును ఒక్క మాటయు ననుకొనలేదు.

మేము త్రాగలేదు, త్రాగము. ఒక శనివారము సాయంకాలము అమ్మాయి సీసా తెఱచి గ్లాసు మా వంక చాచినది. ముక్కు వంచి చూచితిమి. బార్లీ వాసన వెనుకకు పోయి, పంపరపనస ముందునకు వచ్చినది. మా అమ్మనుగూర్చియు, ఆ చెట్టునుగూర్చియు, పెద్దమామయ్యనుగూర్చియు నాడు మొదటిసారిగా అమ్మాయికి చెప్పితిమి. ఆమె వినుచు, గ్లాసును ముట్టక చాలసేపు కూరుచుండెను. తరువాత త్రాగెను.

ఇప్పుడు మేము తెనాలిలో నున్నాము. కాచు దినమున అమ్మాయి ఫోను చేయును. వారికి శనివారపు ఉదయము, మనకు రాత్రి వంటవేళ. "అమ్మా, ఇంకా పది నిమిషాలుంది" అని చెప్పి ఫోను పొయ్యి ప్రక్కన పెట్టును. మొన్న ఆ మాట వినుచు మేమిచట చారులో కొత్తిమీర తుంచి వేసి, గిన్నె దించి, మూత పెట్టితిమి.