నుదుటి నొప్పికి అంగిలి కారణం

మండుటెండలో చల్లటి పానీయాన్ని గటగటా తాగేసినా, కుల్ఫీనో ఐస్‌క్రీమునో పెద్ద పెద్ద ముక్కలుగా మింగేసినా ఉన్నట్టుండి నుదురు పట్టేస్తుంది, కణతల్లో సూదులు గుచ్చినట్టవుతుంది. ఏమైందో తెలుసుకునేలోపే చాలామందికి ఆ నొప్పి తగ్గిపోతుంది కూడా. మెదడే గడ్డకట్టిందని కొందరు సరదాగా అంటారు. ఇంకొందరు భయపడి, చల్లటివి అసలు ముట్టుకోవద్దని పిల్లల్ని కసురుతారు. ఆ మాటా సరికాదు, ఈ కసురూ అక్కర్లేదు. నొప్పి పుట్టేది నోటి పైభాగంలో, అంటే అంగిట్లో. దాన్ని ఎక్కువగా రప్పించేది మన తొందర.

మింగిన చల్లదనం మెదడును గడ్డకట్టించలేదు. వెచ్చటి రక్తం నిరంతరం పారే చోటది. పైగా మెదడు కణజాలానికి నొప్పి తెలియదు. అందుకే కొన్ని మెదడు శస్త్రచికిత్సలను రోగి మెలకువగా ఉండగానే చేయగలుగుతున్నారు. అంగిలి అలాంటిది కాదు. అక్కడ పలుచటి పొర కిందే రక్తనాళాలూ నాడుల కొసలూ ఉంటాయి. మంచులాంటి ముద్ద తగలగానే ఆ నాళాలు ముడుచుకుని, వెంటనే విప్పారతాయని, ఆ కుదుపును నాడులు నొప్పిగా అందుకుంటాయని వైద్యుల వివరణ. ఆ కబురు మోసుకెళ్ళేది త్రిధార నాడి. దానికి మూడు శాఖలు: ఒకటి నుదుటికీ కళ్ళకూ, రెండోది పైదవడకూ అంగిలికీ, మూడోది కింది దవడకూ వెళతాయి. రెండు వీధుల నీళ్ళు ఒకే కాలువలో కలిశాక ఏ వీధివి ఏవో చెప్పలేనట్టే, అంగిలి నుంచి వచ్చిన కబురును మెదడు నుదుటిదిగా పొరబడుతుంది. గుండెపోటులో ఎడమ చేయి లాగడం కూడా ఇలాంటి పొరపాటే.

తొందరే కారణమనడానికి చక్కటి ఆధారం ఉంది. కెనడాలో బడి పిల్లలు 145 మందితో చేసిన ఒక పరీక్ష 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. అందరికీ ఇచ్చింది 100 మిల్లీలీటర్ల ఐస్‌క్రీమే. కొందరిని 5 సెకన్లలోపు తినమన్నారు, మిగతావారిని 30 సెకన్లకు పైగా నిదానంగా తినమన్నారు. గబగబా తిన్నవారిలో 27 శాతం మందికి తలనొప్పి వస్తే, నిదానంగా తిన్నవారిలో 13 శాతం మందికే వచ్చింది. నొప్పి వచ్చినవారిలో సగానికి పైగా పిల్లలకు అది 10 సెకన్లు కూడా నిలవలేదు. మరి నిదానించిన వారికీ వచ్చింది కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందరి నాడులూ ఒకేలా స్పందించవు, అరనిమిషం కూడా అంగిలికి మరీ ఎక్కువ వ్యవధేమీ కాదు. నిదానం నొప్పిని పూర్తిగా ఆపుతుందని ఎవరూ అనలేరు, కానీ సగానికి తగ్గించిందన్నది చిన్న సంగతి కాదు.

ఇంకో అభ్యంతరం ఉంది. 2012లో 13 మంది ఆరోగ్యవంతులకు స్ట్రాను అంగిలికి ఆనించి మంచునీళ్ళు తాగించి చూస్తే, నొప్పి వేళ మెదడు ముందుభాగానికి వెళ్ళే ధమనిలో రక్తప్రవాహం పెరిగింది, నొప్పితోపాటే తగ్గింది. అలాగైతే మూలం మెదడులోనే ఉందని వాదించవచ్చు. కానీ అక్కడ కూడా చల్లదనం తగిలింది అంగిలికే. ధమని మార్పు నొప్పికి కారణమో, తోడుగా వచ్చిన ఫలితమో ఆ ఒక్క పరీక్షతో తేలదు. అది ఎలా తేలినా మనం చేయవలసింది మారదు: అంగిలిని ఒక్కసారిగా చల్లబరచకూడదు. నొప్పి వచ్చేస్తే తింటున్నది ఆపి, నాలుకను అంగిలికి ఆనించడమో, గోరువెచ్చటి నీళ్ళు పుక్కిలించడమో చేస్తే అక్కడి చలి త్వరగా విడుస్తుంది.

కాబట్టి పిల్లల చేతిలోంచి ఐస్‌క్రీము లాక్కోకండి, కొద్దికొద్దిగా చప్పరించమని చెప్పండి. ఈ నొప్పి వల్ల మెదడుకు హాని లేదు. చల్లటిది ఆపిన 10 నిమిషాల్లో తగ్గిపోవడమే దాని లక్షణంగా అంతర్జాతీయ తలనొప్పుల వర్గీకరణ చెబుతోంది. అంతకు మించి నిలిచినా, చల్లటిది ముట్టకుండానే మాటిమాటికీ వచ్చినా, అది వేరే తలనొప్పి. అప్పుడు మాత్రం ఐస్‌క్రీమును నిందిస్తూ కూర్చోకుండా వైద్యుడికి చూపించుకోండి.