అవార్డు విచారణకు ముందు వేసుకున్న లెక్క

కాలువ తవ్వకంలో మా మామిడి తోట కొంత పోతుందని ఊళ్లో అందరికీ ముందే తెలుసు. అయినా పరిహారం తేల్చే అవార్డు విచారణకు నోటీసు వచ్చాక ఇంట్లో చర్చంతా ఎవరు వెళ్లాలన్న దాని మీదే నడిచింది. వెళ్లి ఏం అడగాలో ఎవరికీ పట్టలేదు. "వాళ్లిచ్చేది ఎటూ ఇస్తారమ్మా, మనం చెబితే పెంచుతారా?" అన్నాడు పెదనాన్న.

నోటికి చెబితే పెంచరు. కానీ 2013 భూసేకరణ చట్టం 21వ సెక్షన్ కింద వచ్చే ఆ నోటీసు అడిగేదే అది. భూమిలో మీ హక్కేమిటి, పరిహారం ఎంత కోరుతున్నారు, కొలతల మీద అభ్యంతరం ఉందా అని. నోటీసు చనిపోయిన మా నాన్న పేరు మీదే వచ్చింది. కాబట్టి నేనూ తమ్ముడూ వారసులమని చూపే సర్టిఫికెట్‌తోనే మా క్లెయిమ్ మొదలైంది.

మొదట భూమి ధర మీద పోరాడాలనుకున్నాం. స్టాంపు డ్యూటీకి ప్రభుత్వం పెట్టిన విలువ ఒకటి చూస్తారు. సేకరణ ప్రతిపాదించిన ఏడాదికి ముందు మూడేళ్లలో చుట్టుపక్కల రిజిస్టరైన అలాంటి భూముల దస్తావేజుల్లో ఎక్కువ ధర పలికిన సగం తీసి, వాటి సగటు ఇంకొకటి కడతారు. రెంటిలో ఏది ఎక్కువైతే అదే లెక్క. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకళ్లు తీయిస్తే, ఒక్క దస్తావేజులోనూ చేతులు మారిన అసలు ధర లేదు. డ్యూటీ మిగుల్చుకోవాలని ఊరంతా ఏళ్ల తరబడి ప్రభుత్వ విలువే రాయించుకుంది. ఆ మిగులు ఇప్పుడు మా పరిహారంలో కోతగా పడింది. రచ్చబండ దగ్గర చెప్పుకునే ధరకు విచారణలో విలువ లేదు. కాబట్టి ఉన్న దస్తావేజుల్లో మెరుగైనవి జత చేసి, మిగతా శ్రద్ధంతా చెట్ల మీదికి మళ్లించాం.

డబ్బంతా అక్కడే ఉంది. చెట్లు, బోరు, పైపులైన్ల విలువను భూమి విలువకు కలిపి, ఆ మొత్తం మీద 100 శాతం సొలేషియం, అంటే భూమి పోయినందుకు ఊరటగా అంతే మొత్తం అదనంగా, ఇస్తారు. లక్ష రూపాయల చెట్లు జాబితాలో తప్పిపోతే మనకు పోయేది రెండు లక్షలన్నమాట. మా సర్వే జాబితాలో నిండు కాపు చెట్లూ లేత మొక్కలూ ఒకే వరుసలో ఉన్నాయి. బోరు ఊసే లేదు. చెట్ల వయసు, కాపు రాసి, ఫొటోలూ బోరు కరెంటు బిల్లులూ పెట్టి, ఉద్యాన శాఖ వాళ్లతో మళ్లీ లెక్క వేయించమని కోరాం. చెట్ల విలువ కట్టడానికి ఆ రంగం తెలిసినవాళ్ల సాయం తీసుకునే వీలు చట్టంలోనే ఉంది.

కాలువకు అవతల ఒక ముక్క మిగులుతోంది. దానికి దారీ లేదు, నీళ్లూ లేవు. "దాని సంగతి ఎత్తకు, అదీ లాక్కుంటారు" అన్నాడు పెదనాన్న. నేను ఒప్పుకోలేదు. భూమి రెండుగా తెగినందువల్ల మిగిలినదానికి జరిగే నష్టాన్ని కూడా కలెక్టర్ లెక్కలోకి తీసుకోవాలని 28వ సెక్షన్ చెబుతోంది. క్లెయిమ్‌లో ఒక పేరా దానికే కేటాయించాం.

ఇక వకీలు సంగతి. ఒకాయన వచ్చిన దాంట్లో శాతం అడిగాడు. అలా ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. ఇంకొకరికి రాతపనికి ఇంత అని ఇచ్చేశాం. విచారణ రోజు రెండు ప్రతులు పట్టుకెళ్లి, మా ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకున్నాం.

అవార్డు వచ్చింది. బోరు చేరింది, చెట్ల విలువ పెరిగింది, తెగిన ముక్కకు మాత్రం ఏమీ రాలేదు. డబ్బు తీసుకునేటప్పుడు రసీదు మీద "మొత్తం చాలదన్న అభ్యంతరంతో స్వీకరిస్తున్నాను" అని రాశాం. అది రాయకుండా తీసుకుంటే పై అథారిటీకి నివేదించమని (రిఫరెన్స్) కోరే హక్కు పోతుంది. రాసినా గడువుంది. అవార్డు ప్రకటించినప్పుడు మనం అక్కడుంటే ఆరు వారాలే. పక్క పొలం వాళ్లు ఉత్త సంతకం పెట్టి చెక్కు తీసుకున్నారు.

ఈ చట్టం కింద వచ్చిన పరిహారం మీద 96వ సెక్షన్ ప్రకారం ఆదాయపు పన్ను లేదు. డిపాజిట్ వేస్తే వచ్చే వడ్డీ మీద మాత్రం ఉంది. అందుకే నా వాటాతో ముందు బంగారం లోను తీర్చాను. తమ్ముడు తన వాటా డిపాజిట్ చేశాడు. తెగిన ముక్క కోసం పెట్టిన రిఫరెన్స్ ఖర్చు మాత్రం ముగ్గురం సమానంగా భరిస్తున్నాం, పెదనాన్నతో సహా.