జీరో టికెట్టు వెనక లెక్క

మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలయ్యాక తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైంది. వికారాబాద్ జిల్లా మర్పల్లిలో వికారాబాద్ బస్సెక్కిన మహిళ ఆధార్ చూపిస్తే కండక్టర్ మిషన్‌లో జీరో టికెట్టు కొట్టి చేతిలో పెడతారు. అది ఉత్త చీటీ కాదు. ఆ ప్రయాణానికి అయ్యే ఛార్జీ లెక్కకెక్కుతుంది, ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించాల్సిన పద్దులో చేరుతుంది. అయితే టికెట్టు సొమ్ము వచ్చినంత మాత్రాన కొత్త బస్సు రాదు. బస్సుల కొనుగోలు, డిపోలు, డ్రైవర్ల నియామకం (అసలు చిక్కంతా ఇక్కడే) వేరే పెట్టుబడి. జనం పెరిగి ట్రిప్పులు పెరగకపోతే మిగిలేది ఫుట్‌బోర్డే. పైగా ఉచితం బస్సుకే; వికారాబాద్, తాండూరు పట్టణాల లోపల తిరుగుడు ఎక్కువగా ఆటోల మీదే. మర్పల్లికి వికారాబాద్–పర్లి లైన్లో రైల్వే స్టేషన్ కూడా ఉంది. రైలు కేంద్రానిది, బస్సు రాష్ట్రానిది. ఖజానాలు రెండు కాబట్టి రైలు, బస్సు వేళలు ఒకదానికొకటి కుదిరితే అదృష్టమే.