చర్మమూ – సమాజమూ

మన అభ్యుదయ రచయితలు ఆకలిని గురించి రాసినంతగా శరీరాన్ని గురించి రాయలేదు. ఆకలి సామాజికమనీ, శరీరం ఎవరి సొంత వ్యవహారం వారిదనీ మనలో చాలామందికి వొక నమ్మకం వుంది. ఈ నమ్మకం సరైనది కాదని నా అభిప్రాయం. వొంటిమీద తోలు వదులు కావటానికి కూడా వొక ఆర్థిక కారణం వుంటుంది; ఆ తోలును చూసి ఎదుటివాడు ఏమనుకుంటాడన్న దానికి వొక చరిత్ర వుంటుంది. ఇందుకు నాకు అందుబాటులో వున్న సాక్ష్యం నా శరీరమే కాబట్టి దాన్ని గురించే చెబుతాను.

నేను ప్రొద్దుటూరులో ఉపాధ్యాయుణ్ణి. 12 ఏళ్లుగా చక్కెర జబ్బు వుంది. వైద్యుని సలహా మీద టిర్జెపటైడ్ అనే సూదిమందు వారానికొకసారి వేసుకుంటున్నాను. 96 కిలోల మనిషిని 10 నెలల్లో 77కు వచ్చాను. చక్కెర అదుపులోకి వచ్చింది. మోకాళ్ల నొప్పి తగ్గింది. మందు చేసిన మేలును కాదనటం నా ఉద్దేశం కాదు. కాని లోపలి కొవ్వు కరిగినంత వేగంగా పైతోలు కుదించుకోలేదు. పొట్ట కింద, తొడల లోపల, జబ్బల దగ్గర అది ఖాళీ గోతంలాగా వేలాడుతున్నది.

దీన్ని మూడు వూళ్లు మూడు రకాలుగా అర్థం చేసుకున్నాయి. ప్రొద్దుటూరు బంగారానికీ బట్టలకూ పేరుపడిన వూరు. అక్కడ దేన్నయినా తూకంతోనే అంచనా వేస్తారు. తెలిసిన వర్తకుడొకాయన గొంతు తగ్గించి, "ఏం సార్, ఇట్లా చిక్కిపోయినారే, పరీక్షలన్నీ చేయించినారా?" అని అడిగాడు. ఆయన మనసులో వున్నది కాన్సరు. పులివెందులలో చీనీతోట వున్న నా పాత విద్యార్థి, "ఆ సూదేదో మాకూ చెప్పండి సార్" అన్నాడు. జమ్మలమడుగు బస్టాండులో చెనిక్కాయలమ్మే ముసలమ్మ మాత్రం నా చేతివంక చూసి, "ఏం కరువొచ్చె నాయనా నీకు?" అంది.

ఈ మూడు మాటల్లో ముసలమ్మ మాటే లోతైనది. 1876–78లో రాయలసీమను కాల్చిన కరువు కాలంలో సహాయపు పనుల్లోని కూలీలకు దొరల ప్రభుత్వం రిచర్డ్ టెంపుల్ లెక్కప్రకారం రోజుకు వొక పౌను ధాన్యమూ కొద్దిపాటి డబ్బూ ఇచ్చింది. పౌను అంటే 450 గ్రాములు. మద్రాసు రాజధానిలో నాటి కరువు మనుషులను హూపర్ అనే సైనికాధికారి ఫొటోలు తీశాడు. ఎముకల మీద వేలాడే తోలే ఆ బొమ్మల్లో మొదట కంటికి కనిపించేది. 1952లో మళ్లీ కరువు వచ్చి సీమలో గంజికేంద్రాలు వెలిశాయి. కాబట్టి వేలాడే తోలు ఈ నేలలో అందం ప్రశ్న ఎన్నడూ కాదు, తిండి ప్రశ్న. ముసలమ్మ తన తాతల కళ్లతో నన్ను చదివింది.

అయితే ఇక్కడ తేడాను మరచిపోతే మనం మోసపోతాం. వాళ్లకు తిండి దొరక్క తోలు వేలాడింది. నాకు తిండి వద్దనిపించే మందు కొనుక్కున్నందువల్ల వేలాడుతున్నది. 2025 మార్చిలో ఈ మందు మన దేశంలోకి వచ్చినప్పుడు అతి తక్కువ మోతాదు సీసా ధర 3,500 రూపాయలు. నెలకు నాలుగు సీసాలంటే 14,000. 2025–26లో మన రాష్ట్రంలో ఉపాధిహామీ కూలి రోజుకు 307. అనగా 30 రోజుల నెలకు సరిపోయే మందు ఖరీదు 45 రోజుల కూలి!

"మరి ఇది డబ్బున్నవాళ్ల జబ్బే కదా, మన పత్రికకెందుకు?" అని విద్యార్థి మిత్రుడొకడు అడిగాడు. జబ్బు డబ్బున్నవాళ్లది కాదు. మందు మాత్రమే వాళ్లది. 2023లో వెలువడిన వైద్య పరిశోధనా మండలి సర్వే దేశంలో చక్కెర రోగులను 10 కోట్ల పైచిలుకుగా లెక్కగట్టింది. వాళ్లందరూ మేడల్లో లేరు. జొన్న, కొర్ర, రాగి తినే సీమలో తెల్లబియ్యమే పూటపూటా తిండి అయింది. ఆ వొక్కటే కారణమని నేను అనను. కాని జబ్బు గుడిసె దాకా వచ్చిందన్నది నిజం.

ఇక తోలు సంగతి. చర్మానికి బలాన్నిచ్చేది కొల్లాజెన్, సాగి మళ్లీ ముడుచుకునే గుణాన్నిచ్చేది ఎలాస్టిన్. యౌవనం దాటాక శరీరం ఎలాస్టిన్‌ను కొత్తగా తయారుచెయ్యటం దాదాపు మానేస్తుంది. కాబట్టి ఏళ్ల తరబడి సాగిన తోలు వయసు మళ్లాక పూర్తిగా వెనక్కు రాదు. పొగతాగటం, ఎండ దీన్ని ఇంకా పాడుచేస్తాయి. పైన పూసే ఏ పూతా ఇంత తోలును బిగించలేదు. ఇంకొకటి: తగ్గిన బరువంతా కొవ్వు కాదు, అందులో నాలుగోవంతు నుంచి అయిదింట రెండు వంతులదాకా కండ మొదలైనవి కూడా పోతాయి. కండ పోతే తోలు మరింత ఖాళీ అవుతుంది. అందుకే పప్పు, గుడ్డు, వులవలు తగ్గించకుండా తినటం, బరువులెత్తే వ్యాయామం చెయ్యటం అవసరం. దీనివల్ల తోలు ముడుచుకోదు; దాని కింద కొంత నిండుదనం మిగులుతుంది.

అసలు బాధ చూపుకు సంబంధించింది కాదు. మా ఎండల్లో పొట్టమడత కింద చెమట నిలుస్తుంది, తోలు వొరుసుకుపోతుంది, బూజు పుండ్లు లేస్తాయి. కడిగి, బాగా తుడిచి ఆరబెట్టి, మడతలో మెత్తని నూలుగుడ్డ పెట్టుకోవటం నేను కనుగొన్న సులువు. పుండు లేస్తే వైద్యునికే చూపించాలి. మందుల అంగట్లో చీటీ లేకుండా ఇచ్చే స్టెరాయిడు కలిపిన పూతలు రెండురోజులు మంట తగ్గించి, బూజును పెంచి, తోలును ఇంకా పలచన చేస్తాయి.

వొక నగరంలోని చర్మవైద్యశాలకు పోతే, అక్కడివారు పుండును చూడకముందే కోతకయ్యే ఖర్చు చెప్పారు. వేలాడే తోలును కోసి కుట్టవచ్చు. నడుము ఈ చివరినుంచి ఆ చివరిదాకా మచ్చ మిగులుతుంది. బరువు కొన్ని నెలలు నిలకడగా వున్నాకే చెయ్యాలి. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఖరారు చేసిన మినహాయింపుల్లో రూపం మార్చే కోత వొకటి. ప్రమాదం, కాలిన గాయం, కాన్సరు తర్వాత అయితే ఇస్తారు. లేదా ఆరోగ్యానికి ప్రత్యక్షమైన, తక్షణమైన అపాయం వుండాలి. ఏటా వేసవిలో లేచే పుండు తక్షణమైనది కాదు కాబట్టి నా బాధ వాళ్ల లెక్కలో అందంకిందికి వస్తుంది!

మరొక చిక్కు వుంది. ఇదే కోవకు చెందిన సెమాగ్లూటైడ్‌ను మానేసినవారు ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండువంతులు తిరిగి పెరిగారని 2022లో వొక పరిశీలన తేల్చింది. నా జీతం మందుకు చాలని రోజు వస్తే కోసి బిగించిన తోలు మళ్లీ సాగవలసిందే. కాబట్టి నేను కోత వద్దనుకున్నాను. దాచుకున్న డబ్బు మందుకు కావాలి.

ఇది నా నిర్ణయం. అందరికీ సూత్రం కాదు. పుండ్లతో నడవలేనివారికి కోత విలాసం కాదు, వైద్యం. ఏది వైద్యం, ఏది అలంకారం అన్న గీతను ఇవాళ గీస్తున్నది బాధ కాదు, బీమా సంస్థల లాభనష్టాల లెక్క. మందు ధర కూలివాడికి అందేట్టు తగ్గాలనీ, ఆ మందు మిగిల్చే బాధకు ప్రభుత్వాసుపత్రిలోనే చికిత్స దొరకాలనీ మనం అడగాలి. వొంటిని గురించి సిగ్గుపడి వూరుకుంటే ఆ గీత ఎక్కడ వుందో అక్కడే వుంటుంది.