సముద్రం దాటి వచ్చిన శిష్యురాలు

చదువు కోసం పరదేశం వెళ్ళడం అనగానే మీకు ఏం గుర్తుకు వస్తుంది? ఇంజనీరింగు, వైద్యం, పెద్ద ఉద్యోగం, ఇవే కదా! కాని ఒక్క సంవత్సరం సంగీతం నేర్చుకోవడానికి ఇల్లు వదిలి, దేశం వదిలి వెళ్ళేవాళ్ళు కూడా ఉన్నారు. మన దేశానికి అలా వచ్చిన ఒకామెను నేను దగ్గరగా చూశాను. ఆమె సంగతి మీకు చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఎందుకంటే ఇంటి పనుల మధ్య, ఉద్యోగాల మధ్య ఈ పుస్తకం తెరిచిన మీ కష్టానికీ, ఆమె కష్టానికీ దగ్గరి సంబంధం ఉంది.

ఆమెది మారిషస్. హిందూ మహాసముద్రంలోని ఆ ద్వీపానికి 1834 నుంచి చెరకు తోటల్లో పనిచేయడానికి మన దేశం నుంచి లక్షల మంది కూలీలు వెళ్ళారు. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. గోదావరి తీరప్రాంతంలోని కోరంగి రేవు పేరు మీద వాళ్ళను అక్కడ ‘కోరంగీలు’ అనేవారు. ఆ దేశంలో ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉంది. అయితే ఇంట్లోనూ వీధిలోనూ ఎక్కువగా వినిపించేది ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్ భాష. ఆమెకు తెలుగు బడిలో నేర్చుకున్న భాష మాత్రమే.

అప్పటికి ఆమెకు 29 ఏళ్ళు. పెళ్ళయింది. అయిదేళ్ళ కొడుకున్నాడు. తమ ఊళ్ళో నాలుగేళ్ళు వీణ నేర్చుకుంది. ఒక సంవత్సరానికి ఉపకార వేతనం దొరికితే, పిల్లవాణ్ణి తల్లి దగ్గర ఉంచి 2017 జూలైలో ఢిల్లీకి వచ్చింది. మేముండే ఇంటి మేడమీది గదిలో అద్దెకు దిగింది. నేను తెలుగుదాన్నని తెలిసిన రోజే "అక్కా" అని పిలవడం మొదలుపెట్టింది.

మొదటి రెండు వారాలు కాగితాల పనికే సరిపోయాయి. విద్యార్థి వీసా మీద ఆరు నెలలకు మించి ఉండేవాళ్ళు వచ్చిన 14 రోజుల్లో విదేశీయుల నమోదు కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలి. అద్దె ఒప్పందం, ఫోటోలు, ధ్రువపత్రాలు అన్నీ పట్టుకుని ఎండలో తిరిగింది. అసలు కష్టం ఆ తరువాత మొదలైంది.

మీరు వీణను చూసే ఉంటారు. దానికి 24 మెట్లు, 7 తీగలు ఉంటాయి. ఎడమచేతి వేళ్ళు మెట్ల మీద తీగను నొక్కుతాయి, కుడిచేయి మీటుతుంది. ఆమె అప్పటికే కొన్ని కృతులు వాయించేది. గురువుగారు శ్రద్ధగా విని, "కృతులు పక్కన పెట్టమ్మా, సరళీ స్వరాల నుంచి మొదలుపెడదాం" అన్నారు. సరళీ స్వరాలంటే సంగీతానికి ఓనమాలు. మాయామాళవగౌళ రాగంలో, ఆది తాళంలో చిన్నపిల్లలు నేర్చుకునే మొదటి పాఠాలు. తీగను పక్కకు లాగి గమకం పలికించేటప్పుడు ఆమె వేళ్ళకు పట్టు చాలడం లేదు. అది సరిచేయకుండా ముందుకు పోతే లోపం అలాగే గట్టిపడిపోతుందని గురువుగారి ఉద్దేశం.

అక్టోబరు చివరికి కూడా జంట స్వరాలే నడుస్తున్నాయి. ఒక రాత్రి ఆమె మా గుమ్మం దగ్గర కూర్చుని వేళ్ళ మీద లెక్కపెట్టింది.

"ఎనిమిది నెలలే ఉన్నాయక్కా. ఏం నేర్చుకున్నావని ఇంటి దగ్గర అందరూ అడుగుతారు. స రి గ మ అని చెప్పనా? దీనికోసమా బాబును వదిలి వచ్చాను?"

ఆ రోజు కొడుకు ఫోనులో మాట్లాడనన్నాడట. తిరిగి వెళ్ళిపోతానంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. లోపలికి పిలిచి చారన్నం పెట్టాను.

మర్నాడు ఉదయం అయిదింటికి మేడమీద వీణ శ్రుతి చేస్తున్న చప్పుడు వినిపించింది. ఎందుకు ఆగిపోయిందో కొన్నాళ్ళ తరువాత తనే చెప్పింది. "మావాడు బడిలో అక్షరాలు దిద్దుతున్నాడు. ఒకే అక్షరం పదిసార్లు రాయమని రోజూ నేనే ఫోనులో చెబుతున్నాను. నేను తప్పించుకుని వెళ్తే వాడికి ఏ ముఖంతో చెప్పను?"

డిసెంబరులో మళ్ళీ కృతి మొదలైంది. త్యాగరాజు కృతుల్లో చాలావరకు తెలుగువే. వీణలో మాటలు వినిపించవు కదా, భాషతో ఏం పని అని మీరు అడగవచ్చు. పని ఉంది. సాహిత్యంలో అక్షరం పడినచోట వీణ మీద మీటు పడాలి. అక్షరం సాగినచోట కొత్తగా మీటకుండా ఎడమచేతితోనే స్వరాన్ని నడపాలి. మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియకపోతే ఆ మాట మధ్యలో విరుగుతుంది.

ఆమె సాహిత్యాన్ని ఇంగ్లీషు అక్షరాలతో రాసుకుంది. ఆ రాతలో ‘కల’కూ ‘కళ’కూ తేడా లేదు, ‘పలు’కూ ‘పాలు’కూ తేడా లేదు. ఆదివారాలు ఇద్దరం కూర్చుని ఒక్కొక్క మాటను తెలుగు లిపిలో రాసి, సంధులు విడదీసి, అర్థం చెప్పుకునేవాళ్ళం. నాకు స్వరజ్ఞానం లేదు. నాకు తెలిసింది వ్యాకరణమే. "ఇక్కడితో మాట అయిపోయిందా అక్కా?" అని అడిగి వాయించేది. మీటు చోటు మారగానే వీణ మాట్లాడినట్లుండేది. పరీక్ష కోసం వల్లెవేసే సంధి పాఠానికి ఇంత ఉపయోగం ఉందని నేను కూడా అప్పుడే చూశాను.

రాత్రిళ్ళు ఆమె జాన్ హిగ్గిన్స్ పాటలు వినేది. 1939లో పుట్టిన ఈ అమెరికా గాయకుడు 1960లలో ఫుల్‌బ్రైట్ ఉపకార వేతనంతో మద్రాసు వచ్చి కర్ణాటక సంగీతం నేర్చుకున్నాడు. తిరువయ్యారు త్యాగరాజ ఆరాధనలో పాడి, శ్రోతల చేత ‘హిగ్గిన్స్ భాగవతార్’ అనిపించుకున్నాడు. 1971లో కెనడాలోని యార్క్ విశ్వవిద్యాలయంలో మృదంగ విద్వాంసుడు తిరుచ్చి శంకరన్‌తో కలిసి ఈ సంగీతానికి బోధన ప్రారంభించాడు. 1984లో మరణించాడు. "ఆయనకూ తెలుగు ఇంటి భాష కాదు కదక్కా" అనేది ఆమె.

2018 జూన్‌లో ఆమె తిరిగి వెళ్ళింది. సంవత్సరంలో నేర్చుకున్నవి ఒక వర్ణం, మూడు కృతులు. లెక్కకు చూస్తే తక్కువే. కాని నాలుగో కృతిని గురువు పక్కన లేకుండా ఎలా సాధించాలో ఆమెకు తెలిసింది. సాహిత్యం రాసుకోవడం, పదం విడదీయడం, నెమ్మదిగా వాయించడం, తన తప్పు తాను వినడం ఆమెకు అలవాటయ్యాయి. ఇప్పుడు ఆదివారాలు పిల్లలకు సరళీ స్వరాలు చెబుతోంది. కొడుక్కి మాత్రం వీణ కంటే ఫుట్‌బాలే ఇష్టమట.

మీలో చాలామంది మధ్యలో ఆగిన చదువును మళ్ళీ అందుకున్నవాళ్ళు. మొదటి పాఠాలు తెలిసినవే అనిపిస్తాయి. వాటిని దాటి పరీక్షకు వచ్చే పాఠాలకు వెళ్ళాలని తొందర కలుగుతుంది. అప్పుడు ఒక పని చేయండి. పుస్తకం మూసి, ఆ పాఠాన్ని ఇంట్లో ఎవరికైనా మీ మాటల్లో చెప్పండి. చెబుతూ చెబుతూ ఎక్కడ ఆగిపోయారో గుర్తుపెట్టుకోండి. రేపటి చదువు అక్కడి నుంచి మొదలుపెట్టండి.