బాబాసాహెబ్ వాదించిన కేసు

"కుల సమస్య వదిలేసి ఆ ఎల్జీబీటీ సినిమా పండగకి నువ్వెందుకు?" అని ఉద్యమ మిత్రులే అడుగుతుంటారు. 2010లో శ్రీధర్ రంగాయన్ ముంబైలో మొదలుపెట్టిన కశిష్ ఫెస్టివల్ గురించే ఆ ప్రశ్న. ఏటా జీతంలో కొంత దాచి, పాస్ కొనుక్కుని వెళ్తాను.

అన్నలారా, అదే బొంబాయిలో 1934లో 'సమాజ్ స్వాస్థ్య' పత్రిక నడిపే ఆర్.డి. కర్వే మీద అశ్లీలం కేసు నడిచింది. స్వలింగ సంబంధాల మీద కూడా పాఠకులు అడిగిన ప్రశ్నలకు దాపరికం లేకుండా జవాబులివ్వడమే ఆయన నేరం. కర్వే బ్రాహ్మణుడు. ఆయన తరఫున కోర్టులో నిలబడింది మన బాబాసాహెబ్. కేసు ఓడిపోయారు. కానీ ఇది మన పని కాదని తప్పుకోలేదు.

ఇక కులం వదిలేశానంటారా? హైదరాబాద్‌లో పుట్టిన దళిత దర్శకుడు నీరజ్ ఘయ్వాన్ తీసిన 'గీలీ పుచ్చీ' (2021) చూడండి. ఫ్యాక్టరీ కార్మికురాలు భారతి మండల్ దళితురాలు, స్త్రీని ప్రేమించే స్త్రీ. ఆమె ఇష్టపడ్డ బ్రాహ్మణ అమ్మాయి ఇంట్లో ఆమెకు టీ వేరే పాత్రలో ఇస్తారు. మన ఊళ్ల రెండు గ్లాసుల పద్ధతి ప్రేమ గడప దాకా వచ్చిందన్నమాట. కశిష్‌లో ఏ సినిమా చూసినా ఈ కళ్లతోనే చూస్తాను. చప్పట్లు కొడతాను, ఇందులో వాడ పిల్లలెక్కడని కూడా అడుగుతాను.

మన వాడల్లోనూ గే పిల్లలున్నారు, లెస్బియన్ పిల్లలున్నారు, హిజ్రాలున్నారు. ఊరు ఎప్పుడో వెలేసింది. వాడ కూడా వెలేస్తే వాళ్లెక్కడికి పోవాలి?

జై భీమ్.