అరకు దారిలో చిన్న కారు

కారు మంచిచెడ్డలు షోరూములో తేలవు. విశాఖపట్నం నుంచి అరకు వెళ్ళే దారిలో తేలుతాయి. శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాటు, మెలిక మీద మెలిక. మధ్యతరగతి గృహస్థుకు అందుబాటులో ఉన్న ‘టాటా పంచ్’ సంగతి చూద్దాం.

2021లో వచ్చినప్పుడు దీని పొడవు 3827 మిల్లీమీటర్లు. నాలుగు మీటర్ల లోపు గనుక పన్నూ తక్కువే, పూర్ణా మార్కెట్టు రద్దీలో మళ్ళించడమూ సులువే. నేలకు 187 మిల్లీమీటర్ల ఎత్తు. వర్షాకాలపు గుంటలకు అంతగా జంకనక్కరలేదు. తలుపులు 90 డిగ్రీలు తెరుచుకుంటాయి. మోకాళ్ళ నొప్పుల మామ్మగారికి అదెంత ఉపకారమో వేరే చెప్పాలా?

ఇంజను 1199 సి.సి., మూడు సిలిండర్లు. నలుగురూ, సామానూ ఎక్కాక ఇంత చిన్న ఇంజనుతో ఘాటెక్కాలంటే కింది గేరూ, కాస్త ఓపికా కావాలి. దిగేటప్పుడూ కింది గేరే. బ్రేకు మీదే భారం వేయరాదు.

2021లోనే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల రక్షణకు 5 నక్షత్రాలు, పిల్లల రక్షణకు 4 వచ్చాయి. అయితే అవి పిల్లల సీటులో కట్టి కూర్చోబెట్టిన బొమ్మలకు వచ్చినవి. అమ్మ ఒళ్ళో కూర్చున్న పిల్లవాడికి వర్తించవు. నెలవాయిదా లెక్కలో ఆ సీటు ఖరీదు కూడా కలుపుకోండి. తరువాత అరకు మాట!